నాలుగో నంబరు కార్డు

మైకు బాబాయి ఇరవై ఆరేళ్లుగా ప్రార్థన మందిరంలో వారం తప్పకుండా ప్రసంగం వింటున్నాడు. లెక్క వేస్తే పదమూడు వందలు దాటాయి. అందులో ఒక్కటీ చెవికెక్కలేదు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు, ఆయనే చెప్పుకుంటాడు. చెప్పుకుని, "అందరికీ వినిపించేవాడికి వినే తీరిక ఎక్కడిదండీ?" అని తనే ముందు నవ్వేస్తాడు. ఎదుటివాళ్లు నవ్వేలోపు మనమే నవ్వేసుకుంటే సగం తప్పు మాఫీ అయిపోతుందని ఆయన నమ్మకం.

మామూలు రోజుల్లో ఆయనది స్పీకర్లు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. ఆదివారం మాత్రం మందిరంలో చివరి వరుస వెనక, తలుపు పక్కన, శబ్దం పెంచి తగ్గించే మీటల మిక్సరు పెట్టిన బల్ల దగ్గర ఉంటాడు. తలకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడంటే ఇక ఆయనకి మనుషులు ఉండరు, శబ్దాలే ఉంటాయి. పాస్టరు గారు "ప్రేమ" అంటే హాలంతా ప్రేమ వింటుంది. బాబాయికి "ప్ర" దగ్గర మైకు మీద పడ్డ గాలి దెబ్బ వినబడుతుంది. ఒకసారి బయటినుంచి వచ్చిన బోధకుడు తన పాత జీవితం చెప్పుకుంటూ గొంతు పూడుకుపోయి ఏడ్చాడు. హాలంతా కొంగులూ రుమాళ్లూ తడిసిపోయాయి. బాబాయి ఒక్కడే గబగబా లేచి వెళ్లి వైరు మార్చి వచ్చాడు, మైకు పోయిందనుకుని.

ఈ సేవ చాలదన్నట్టు ఇంకోటి కూడా ఉంది. మందిరానికి రాలేక మంచానికి అంటుకుపోయినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లకోసం ప్రతి ఆదివారం ఆరాధన రికార్డు చేసి, తొమ్మిది మెమరీ కార్డుల్లో ఎక్కించి, నంబర్లు రాసి పంపుతాడు. పంపే ముందు శుభ్రం చేస్తాడు. దగ్గులు కత్తిరిస్తాడు, కుర్చీల కిర్రుమోతలు కత్తిరిస్తాడు, పసిపిల్లల ఏడుపులు కత్తిరిస్తాడు. అన్నిటికన్నా ముందు, జనం రాకముందు ఖాళీ హాల్లో మైకు పరీక్షించుకుంటూ తను అనే "హలో, హలో, వినబడుతోందా?"ని కత్తిరిస్తాడు. ఎవరూ లేని హాలుని అడిగే ప్రశ్న అది. జవాబుకోసం ఎన్నడూ ఆగింది లేదు.

నాలుగో నంబరు కార్డు వాళ్ల అక్కది.

తల్లి పోయేనాటికి బాబాయికి ఆరేళ్లు, అక్కకి పదిహేడు. ఆవిడే వండిపెట్టింది, ఆవిడే వీపు వాయించింది, ఆవిడే చదివించింది. తర్వాత బడిలో టీచరమ్మ అయ్యి ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పింది. అక్క గొంతు గంట కొట్టినట్టు ఉండేది. బాబాయి పదహారో ఏట పాత రేడియో విప్పి తయారుచేసిన మొదటి మైకులో మొదట మాట్లాడింది ఆవిడే. "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది, రా!" అంది అందులోంచి. వీధి చివరిదాకా వినబడింది. ఆ రోజే తన బతుకు ఏమిటో బాబాయికి తెలిసిపోయింది.

ఏడాది పైమాట, అక్కకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రికి పరుగెత్తాడు. అక్క కళ్లు తెరిచి, తమ్ముణ్ణి చూసి, ఏదో చెప్పబోయింది. లోపల్నుంచి వచ్చింది మాట కాదు, తడిబట్ట పిండినట్టు ఒక ధ్వని. అప్పుడు బాబాయి కుడిచెయ్యి దానంతటదే లేచింది. లేచి, గాల్లో, లేని మీటని పట్టుకుని, శబ్దం తగ్గించే వైపు తిప్పింది.

అక్క ఆ చేతిని చూసింది. చూసిందని బాబాయికి తెలిసింది.

"దుకాణంలో సోల్డరింగ్ కడ్డీ ఆపకుండా వచ్చేశానక్కా, ఇప్పుడే ఆపేసి వస్తా" అని బయటపడ్డాడు. వైర్లు అతికే ఆ కడ్డీ ఆపడానికి వెళ్లినవాడు పద్నాలుగు నెలలైనా తిరిగి రాలేదు. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే. తాపీగా నడిచినా ఏడు నిమిషాలు.

వెళ్లేది భార్య. రోజూ సాయంత్రం వెళ్లి, వదినగారికి తల దువ్వి, నాలుగు కబుర్లు చెప్పి, జావ తాగించి వస్తుంది. వచ్చి చెప్పులు విడుస్తూ, "ఇంకా చల్లారలేదా ఆ కడ్డీ?" అని అడుగుతుంది. బాబాయి తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని, ఆ వారం కార్డుని ఇంకో రెండుసార్లు శుభ్రం చేస్తాడు. అక్కకి ఒక్క గరగర కూడా లేకుండా వినిపించాలి కదా! వెళ్లి చూడలేనివాడికి ఆ మాత్రం శ్రద్ధ అయినా ఉండొద్దూ!

ఇలా ఉండగా ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగం ఆపి, ఒక మాట అడిగారు.

"మన మంచం పట్టినవాళ్లకి కార్డులు వెళ్తున్నాయి, మనుషులు వెళ్లడం లేదు. వారానికి ఒక్క గంట వాళ్ల పక్కన కూర్చునేవాళ్లు కావాలి. దేవుడు ఎవరిని ప్రేరేపిస్తే వాళ్లు చెయ్యెత్తండి."

ఆవేశంలో ఆయన మైకుని మూతికి ఆనించేసుకున్నారు. "ప్రేరేపిస్తే" అనేసరికి స్పీకర్లలో బాంబు పేలినట్టయింది. హెడ్‌ఫోన్లలో బాబాయి చెవి చిల్లు పడింది. మైకు దూరం జరపండి మహాప్రభో అని, ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న సైగే, చెయ్యి పైకెత్తి ఊపాడు.

"అదిగో!" అన్నారు పాస్టరు గారు. "అందరికన్నా ముందు ఎవరు చెయ్యెత్తారో చూడండి! మన మైకు బాబాయి గారు!"

హాలంతా వెనక్కి తిరిగింది. చప్పట్లు. రెండో వరుసలో భార్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. మొగుడి చెయ్యి ఎందుకు లేచిందో ఆవిడకి తెలియదా? అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలియదా?

ఆరాధన అయ్యాక పాస్టరు గారు బల్ల దగ్గరికి వచ్చారు. "మీకు ఎవర్ని అప్పజెప్పాలో ఆలోచించక్కర్లేదు బాబాయి గారూ. మీ అక్కగారి దగ్గరే మొదలుపెట్టండి."

"అది మైకు దూరం పెట్టమని చేసిన సైగ అండీ" అన్నాడు బాబాయి.

"చెయ్యి ఎత్తించేటప్పుడు దేవుడు మనకి కారణం చెప్పాలనేముంది?"

"అలా కాదండీ. ఇలాంటి పనికి పైనుంచి పిలుపు రావాలి. స్పష్టంగా రావాలి. నాకింకా ఏమీ వినబడలేదు."

పాస్టరు గారు ఆయన తలమీదున్న హెడ్‌ఫోన్లకేసి ఒకసారి చూసి, "అయితే ప్రార్థన చెయ్యండి" అని వెళ్లిపోయారు.

చేశాడు. మాటంటే మాటే. సోమవారం పొద్దున్న దుకాణం తలుపులు మూసి, ఫ్యాను ఆపి, కళ్లు మూసుకున్నాడు. "దేవా, నన్ను వెళ్లమంటావో వద్దంటావో స్పష్టంగా చెప్పు. గరగర ఉండకూడదు. రెండుసార్లు చెబితే మరీ మంచిది" అన్నాడు. అని, జవాబుకి అర నిమిషం కూడా ఆగకుండా ఫ్యాను వేసి, శనివారం వదిలేసిన యాంప్లిఫయరు విప్పాడు. ఇంతకన్నా మర్యాదగా దేవుడి నోరు మూయించినవాడు ఇంకొకడు ఉంటాడా అని తర్వాత ఆయనే అనేవాడు.

ఆ ఆదివారం చప్పట్ల గాభరాలో ఇంటికి వచ్చి కార్డులు ఎలా ఎక్కించాడో ఆయనకే గుర్తు లేదు. కొత్త కార్డు వెళ్తే పాతది వెనక్కి రావాలి, అది పద్ధతి. ఆ తర్వాతి వారం ఎనిమిది వచ్చాయి. నాలుగోది రాలేదు.

"ఇవ్వనంటోంది" అంది భార్య. "డబ్బాలోంచి తియ్యబోతే నా చెయ్యి పట్టేసుకుంది. కొత్తది అక్కడే పక్కన పెట్టి వచ్చా."

అక్క మంచం పక్కన కార్డు పెట్టుకుని వినే చిన్న స్పీకరు డబ్బా ఉంది. అదీ బాబాయి చేసి పంపిందే.

మూడో వారమూ ఇంతే. నాలుగో వారమూ ఇంతే. బాబాయికి మొదట ఆశ్చర్యం, తర్వాత గర్వం. "ఆ వారం ప్రసంగం అంత నచ్చిందన్నమాట! దేని గురించో అది?" అని భార్యని అడిగాడు. పాపం, ఆయనకి తెలిసే అవకాశం లేదు కదా, అక్కడే ఉన్నాడు. మళ్లీ తనే, "ప్రసంగం కాదులే, ఆ రోజు గొంతులో కింది స్థాయి, అదే బేస్, కాస్త పెంచాను, అదీ కారణం" అని తేల్చుకున్నాడు. భార్య ఆయనకేసి ఎలా చూసిందంటే, ఆ చూపుకి నాకైతే అన్నం సయించేది కాదు. బాబాయి రెండోసారి వడ్డించుకున్నాడు.

ఆ మర్నాడు సాయంత్రం ఆవిడ ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ అక్కయ్య మీతో మాట్లాడింది. వినండి."

పదకొండు సెకన్లు. అదే ధ్వని, తడిబట్ట పిండినట్టు. మధ్యలో రెండుసార్లు ఆగి, మళ్లీ మొదలై, చివర్లో కాస్త సాగింది.

బాబాయి ఫోను తీసుకుని దుకాణానికి వెళ్లాడు. మనిషి మాట అర్థం కాకపోతే మనలాంటివాళ్లం మనిషి దగ్గరికి వెళ్లి ఇంకోసారి అడుగుతాం. ఆయన ఆ పదకొండు సెకన్లనీ కంప్యూటర్లో పెట్టాడు. కింది స్థాయి తగ్గించాడు, పై స్థాయి పెంచాడు. ఊపిరి చప్పుడు తీసేశాడు. నెమ్మది చేశాడు, వేగం చేశాడు. దుకాణానికి వచ్చినవాళ్లని రేపు రమ్మన్నాడు. మూడు రోజులు ఆ పదకొండు సెకన్లని కడిగి ఆరేశాడు. కడిగినకొద్దీ అక్క తగ్గిపోయింది. మూడో రోజుకి మిగిలింది ఒక సన్నటి ఈల. అందులో మాటా లేదు, అక్కా లేదు.

తిడుతోందేమో అనుకున్నాడు. ఆ రోజు నీ చెయ్యి చూశానురా, అంటోందేమో. అంటే అననీ, అది తనకి తగిన మాటే. కాని తిట్టయినా సరే అర్థం కావాలి. ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర నోరు తెరిచి అడిగేశాడు.

"నీకు అక్క మాటలు తెలుస్తాయా?"

"రోజూ వింటున్నా. తెలియవా?"

"అయితే ఏమందో చెప్పు."

"చెప్పను."

"అదేంటి?"

"నేను చెప్పేస్తే, వినేశాను కదా అని మీరు ఇక్కడే కూర్చుంటారు." ఆవిడ కంచం పక్కకి తోసేసింది. "చూడండి, నిన్న డాక్టరుగారు వచ్చారు. ఇంకోసారి పక్షవాతం వస్తే ఈ కాస్త మాట కూడా ఉండదన్నారు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. మీరు శుభ్రం చేసేలోపు ఆ గొంతే పోతుంది. దేవుడు చెప్పాలి, చెప్పాలి అని నెల్లాళ్లుగా కూర్చున్నారు. ఆయన ఇంకెలా చెప్పాలి, మీ మిక్సరుకి వైరు తగిలించుకుని చెప్పాలా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. బాబాయి చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, గడప దగ్గర నిలబడి, "నాలుగో నంబరు కార్డు తెచ్చుకోవాలి. నంబర్లు కలిసిపోతున్నాయి" అన్నాడు.



అదండీ సంగతి. దేవుడి పిలుపు విని కదిలాడని రాస్తే నాకూ బాగుంటుంది, ఆయనకీ బాగుంటుంది. కాని ఆయనే ఒప్పుకోడు. ఆ రోజు తను బయల్దేరింది కార్డు కోసమని, ఆ అబద్ధం చేతిలో లేకపోతే గడప దాటేవాడే కాదని అంటాడు. ఏడు నిమిషాల దారికి ఇరవై నిమిషాలు పట్టింది. దారిలో రెండు దుకాణాల ముందు ఆగి, అక్కర్లేని వస్తువుల ధరలు అడిగాడు.

అక్క ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. కొట్టబోయి ఆగాడు. లోపల్నుంచి ఎవరో మగమనిషి గొంతు.

"హలో... హలో... వినబడుతోందా?"

ఆ గొంతు బాబాయిదే. వెంటనే చిన్న దగ్గు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు, కుర్చీ జరిపిన కిర్రుమోత. "వెనక ఉన్నవాళ్లకి వినబడుతోందా?"

ఆ ఆదివారం గాభరాలో మొదటి ముక్క కత్తిరించడం మరిచిపోయాడు. మసిబట్ట పట్టుకుని లోకాన్నంతా తుడిచేవాడు తన మూతి మరిచిపోయాడు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

అప్పుడు లోపల్నుంచి అక్క మాట్లాడింది. అదే తడి ధ్వని. రెండుసార్లు ఆగి, మళ్లీ మొదలై, చివర్లో సాగింది. ఫోన్లో విన్నదే, మూడు రోజులు కడిగిందే. కాని ఇప్పుడు దాని ముందు ప్రశ్న ఉంది.

"వినబడుతోందిరా. నాన్నా, నాకు వినబడుతోంది."

టక్కుమని మీట నొక్కిన చప్పుడు. మళ్లీ మొదటినుంచి. "హలో... హలో... వినబడుతోందా?" మళ్లీ అక్క జవాబు. మళ్లీ మీట. పాటలదాకా పోనివ్వడం లేదు, ప్రసంగం దాకా అసలే పోనివ్వడం లేదు. నెల్లాళ్లుగా ఆవిడ ఆ ప్రశ్న దగ్గరే ఉంది. తమ్ముడు అడుగుతున్నాడు, తను చెబుతోంది. అడిగినవాడు మాత్రం వినడం లేదు.

బాబాయి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్లుగా ఖాళీ హాలుని అడిగిన మాట అది, ఎవరూ జవాబు చెప్పరన్న ధీమాతో. ఆ సోమవారం పొద్దున్న కళ్లు మూసుకుని పైవాణ్ణి అడిగింది కూడా అదే ధీమాతో. అక్కకీ, పైవాడికీ తను వినబడుతూనే ఉన్నాడు. గరగర అనుకుని తను కత్తిరించి పారేసింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆయనకి ఏడుపొచ్చింది. రుమాలు కోసం జేబులో వెతికితే వైరు ముక్క దొరికింది.

తలుపు తోసి లోపలికి వెళ్లాడు.

అక్క దిండు మీద ఒరిగి ఉంది. ముఖంలో ఒక పక్క కిందికి జారింది. రెండో పక్క మాత్రం బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి చూసే టీచరమ్మలా చూసింది. బాబాయి మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ముందు జాగ్రత్తగా కుడిచేతిని తొడ కింద పెట్టుకున్నాడు. అది మళ్లీ లేస్తే ఈసారి తను బతకడు.

"కడ్డీ ఆపేశానక్కా" అన్నాడు.

అక్క ఏదో అంది. అర్థం కాలేదు. ఇంకోసారి అంది. అప్పుడూ కాలేదు. ఆవిడ విసుక్కుని, బాగున్న ఎడమచేత్తో తమ్ముడి మోచెయ్యి పట్టి, తొడ కింద దాక్కున్న కుడిచేతిని బయటికి లాగింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు. పద్నాలుగు నెలలనాటి బాకీ తీరే సమయం వచ్చిందనుకున్నాడు. అక్క ఆ చేతిని పైకెత్తి, గాల్లో, లేని మీట మీద పెట్టింది. పెట్టి, తిప్పింది. తగ్గించే వైపు కాదు, పెంచే వైపు.

తిప్పి నవ్వింది. ఆ నవ్వుకి మాత్రం ఏ పక్షవాతమూ రాలేదు. బాబాయి ఆ చేతిమీద తలపెట్టి, నలభై ఎనిమిదేళ్ల కిందట ఆరేళ్లవాడు ఎలా ఏడ్చాడో అలా ఏడ్చాడు.

ఆ సాయంత్రం అక్క చెప్పినదాంట్లో పదింట ఒక మాట అర్థమయింది. మిగతావి "ఇంకోసారి చెప్పక్కా" అని అడిగాడు. చీకటి పడుతుండగా భార్య జావగిన్నెతో వచ్చి, గుమ్మంలోనే ఆగి, "కార్డు దొరికిందా?" అంది. బాబాయి సిగ్గు లేకుండా, "ఇవ్వనంటోంది" అన్నాడు.

ఇప్పుడు ఆయన రోజూ వెళ్తాడు. పదింట నాలుగు మాటలు తెలుస్తున్నాయి. మిగిలిన ఎనిమిది ఇళ్లకీ వారానికొక ఇంటి చొప్పున వెళ్తున్నాడు. తను మంచివాడైపోయాడని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోడు. పాస్టరు గారి దగ్గర ఇంకా పేచీ పెడతాడు, ఆ చెయ్యి మైకు దూరం పెట్టమని ఎత్తిందేనని.

కార్డుల పద్ధతి కూడా మారింది. దగ్గులు ఉంచేస్తున్నాడు. మొదట్లో "హలో, వినబడుతోందా?" ఉంటుంది, దాని తర్వాత పదకొండు సెకన్లు ఏమీ ఉండదు. ఏడో నంబరు తాత, రికార్డింగు పాడైంది, మొదట్లో ఖాళీ వస్తోందని కబురు పెట్టాడు. పాడవలేదని, అది అలాగే ఉంటుందని బాబాయి తిరుగు కబురు పెట్టాడు. ఆదివారం పొద్దున్నే, జనం రాకముందు, ఖాళీ హాల్లో ఆ మాట అడిగి, ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెడతాడు. పదకొండు సెకన్లూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు.